మగవాళ్ల ముఖాలు మాత్రమే

ఫిబ్రవరి 6

కోక్‌జీదే పల్లె నుంచి ఇప్పుడే వచ్చాను. నడుము పడిపోయింది. ఆరు రోజులు, అరవై నాలుగు ఇళ్లు, ప్రతి ఇంట్లోనూ పాలు పోసిన టీ. వద్దంటే కోపం. తాగితే గిన్నె ఖాళీ చేసిన పాపానికి మళ్లీ నింపుతారు. ఆల్బంలు ఇవ్వండి, పట్నం తీసుకెళ్లి స్కాన్ చేసి జాగ్రత్తగా తెచ్చిస్తానంటే ఒక్కరూ వినలేదు. పోయినవాళ్ల ఫొటోలు గడప దాటకూడదట. ఏం చేస్తాను! కెమెరాని స్టాండుకి తలకిందులుగా బిగించి, వాళ్లు అన్నం తినే బల్లల మీదే ఒక్కో ఫొటో పరిచి తీశాను. వెలుతురు మెరవకుండా కిటికీకి నా కోటే అడ్డం కట్టి, నా దీపం వేసుకున్నాను. మొత్తం 2,914.

ఇదంతా ఆ ఊరి పెద్దాయన సాన్సిజ్‌బాయ్ అగాయ్ వంశవృక్షం పుస్తకం కోసం. పదకొండు తరాలు. మే నెలలో వాళ్ల మూలపురుషుడి పేర పెద్ద విందు. ఆ రోజుకి పుస్తకం అందరి చేతుల్లోనూ ఉండాలి. మగవాడికొక ఫొటో, అందరి తలలూ ఒకే సైజులో.

"ఆడవాళ్లో?" అన్నాను, దారిలో ఊసుపోక.

"వాళ్లు పుట్టింటి పుస్తకంలో ఉంటారమ్మా."

"పుట్టింటివాళ్లు మాత్రం కూతుళ్లని రాస్తారేంటి అగాయ్?"

"నీకన్నీ తెలుసే!" అని ఆయన పగలబడి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. 'కొడుకు పుట్టాలి' అని నాకు ఉల్తువార్ అని పేరు పెట్టారు. నా తర్వాత ఇంకో ఇద్దరు ఆడపిల్లలే పుట్టారు. మా వంశం పుస్తకంలో నాన్న పేరు కింద ఒక అడ్డగీత ఉంటుంది, అంతే.

చివరి ఇల్లు రబిగా అపాది. ఎనభై ఆరేళ్ల అవ్వ. ఆల్బం కూడా లేదు, మిఠాయి డబ్బాలో ముప్పై ఫొటోలు. ఒక్కోదానికీ ఒక పురాణం. ఒకపక్క పొద్దు పోతోంది. ఊఁ, ఊఁ అంటూనే తీసుకుపోయాను. ఆవిడకి ఏమీ తెలియలేదు.

ఫిబ్రవరి 9

ఒక ఫొటోకి నాలుగు నిమిషాలు. 2,914 ఫొటోలకి నూట తొంభై నాలుగు గంటలు. మాగౌయా ఇచ్చింది రెండు వారాలు.

స్టూడియో యజమాని కదా, ముప్పై మూడేళ్లకే అన్నీ తెలుసు ఆ అబ్బాయికి. నా వెనక నిలబడి సన్‌ఫ్లవర్ గింజలు నములుతూ చూశాడు.

"అక్కా, ఒక్కొక్కటీ చేత్తో కోస్తావా?"

"మరి కాళ్లతో కొయ్యనా?"

"ఉన్ని కోసేవాడు గొర్రె మొహం చూస్తాడా చెప్పు? పట్టు, కొయ్యి, వదులు. మెషిన్ ఉన్నది ఎందుకు?"

ఒళ్లు మండింది. తొక్కలన్నీ నా కీబోర్డు మీద.

ఫిబ్రవరి 13

వాడు చెప్పాడని ఒప్పుకోను గానీ, దారి దొరికింది. ప్రోగ్రామే ముఖాల్ని వెతికి చుట్టూ చదరాలు గీస్తుంది. నేను కావలసిన మగ ముఖం మీద ఒక్క నొక్కు నొక్కితే చాలు. తల ఎత్తు కొలిచి, కళ్లు ఒకే గీత మీదికి తెచ్చి, మిగతాదంతా అదే కోసేస్తుంది. ఫొటోకి రెండు సెకన్లు.

నొక్కడమంతా గంటన్నరలో అయిపోయింది. తర్వాత బ్యాచ్ వదిలి టీ పెట్టుకుని వచ్చేసరికి మొత్తం కోసేసి ఉంది. నాకు నేనే జోహారు చెప్పుకున్నాను. ఇరవై రెండేళ్ల అనుభవం ఊరికే పోతుందా! వేరే ఫోల్డర్‌లో పెట్టి ప్రెస్సుకి పంపేశాను, వాళ్లు పేజీలు పేర్చడం మొదలుపెడతారు. అగాయ్‌కి కూడా ఒక కాపీ.

ఫిబ్రవరి 16

పొద్దున్నే అగాయ్ ఫోను. హలో కూడా లేదు.

"టోపీలు కోశావ్!"

"ఏ టోపీలండీ?"

"మా పెద్దలందరి టోపీలూ! మా నాన్న తిమాక్ సగానికి తెగ్గోశావ్. బతికుండగా మనిషి టోపీ ఇంకొకళ్లకి ఇస్తేనే అదృష్టం పోతుందంటారే, నువ్వు చచ్చినవాళ్ల టోపీలు కోస్తావా? ఇదేం పుస్తకం, ఇదేం వంశం? విందులో నా మొహాన ఉమ్మేస్తారు!"

చూశాను. నిజమే. ప్రోగ్రాం నుదురు వరకే తల అనుకుంది. అది చేసినవాడి ఊళ్లో నక్కతోలు టోపీలు పెట్టుకోరు కాబోలు. తొమ్మిది వందల మంది పెద్దమనుషులకి కనుబొమ్మల పైన ఏమీ లేదు.

"ఇంకోటి," అన్నాడు అగాయ్, కాస్త చల్లారి. "చాలామంది భుజాల మీద వేళ్లున్నాయి. ఎవరివవి?"

"ఎవరివి ఉంటాయి? పక్కన నిలబడ్డ భార్యలవో, అమ్మలవో."

"అవి తీసేయ్. దయ్యం పట్టుకున్నట్టు ఉంది."

ఫిబ్రవరి 20

తల ప్రాణం తోకకొచ్చింది. అన్నీ మొదటినుంచి. తల కొలతని టోపీతో కలిపి సరిచేశాను. వేళ్లని చెరిపి వాటి మీద కోటు గుడ్డ నింపే ఇంకో మెట్టు కలిపాను. నాలుగు వందల డెబ్భై చేతులు. కొందరి భుజం మీద రెండు చేతులు, రెండువైపుల నుంచీ. ఇంత పట్టుకోవలసిన అవసరం ఏమొచ్చిందో ఆ మనుషులకి!

డిస్కు నిండిపోయింది, ఎర్రగీత. మొదటిసారి కోసినవి చెరపడానికి లేదు, ప్రెస్సు వాళ్లు ఇంకా వాటి మీదే పని చేస్తూ ఏదో ఒకటి మళ్లీ పంపమంటున్నారు. అందుకని 'అసలు ఫొటో ఉంచు' అన్న పెట్టెలో టిక్కు తీసేసి, కొత్తగా కోసినవాటిని అసలు ఫొటోల మీదే సేవ్ చెయ్యమని పెట్టాలి. ముందు అసలువాటికి నీలం డిస్కులో కాపీ వేసుకోవాలి. నీలం డిస్కు ఇంట్లో ఉంది. రేపు.

ఫిబ్రవరి 21

అయిపోయింది!!! టోపీలు, ముఖాలు, భుజాలు, అన్నీ కొలిచి గీసినట్టు ఉన్నాయి. ఒక్క వేలు లేదు. మధ్యాహ్నమే ప్రెస్సుకి వెళ్లిపోయాయి. మాగౌయా నా కుర్చీకి దణ్ణం పెట్టాడు, వెధవ.

ఫిబ్రవరి 24

పెళ్లి. కెమెరా కార్డులు ఖాళీ చేసుకుని వెళ్లాను. పన్నెండు గంటలు నిలబడ్డాను. పెళ్లికూతురి పిన్ని నా మీద సూపు ఒలికించింది.

మార్చి 14

ప్రూఫు ఓకే అయింది. అగాయ్ గుర్రపు మాంసం సాసేజి ఇంత పొడుగుది పట్టుకొచ్చాడు. పేజీలు తిప్పుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి ఆయనకి. "మా వాళ్లందరూ వరసగా నిలబడ్డారమ్మా. నూరేళ్లు బతుకు," అన్నాడు. నాకూ గర్వంగానే అనిపించింది, ఎందుకు అబద్ధం చెప్పాలి?

మార్చి 22

నౌరుజ్, కొత్త సంవత్సరం పండగ. పిండివంటలు మా చెల్లెలు పంపింది. ఎక్కువ తిన్నాను.

మార్చి 29

మంచు ఒక్కసారిగా కరిగింది. నది కట్ట తెగి కోక్‌జీదేలోకి నీళ్లు వచ్చాయట. తెల్లవారుజామున ట్రాక్టర్ల మీద జనాన్ని తీసుకొచ్చారు. మా వీధి చివర బడిలో ఆటల హాల్లో పెడుతున్నారు. నేను రెండు దుప్పట్లు, ఒక సంచి బంగాళాదుంపలు ఇచ్చి వచ్చాను. మనుషులందరూ క్షేమం. పశువులు చాలా పోయాయి.

మార్చి 31

ఫోన్లో వీడియో. కప్పులు మాత్రం కనిపిస్తున్నాయి. నేను టీ తాగిన ఇళ్లే. విందు వాయిదా.

ఏప్రిల్ 3

రొట్టెల కొట్టు దగ్గర క్యూలో ఒకావిడ నా చెయ్యి పట్టుకుంది. కోక్‌జీదే ఆవిడట. నాకు ఆవిడ మొహం గుర్తులేదు.

"ఇల్లు పోయింది, ఆవు పోయింది, ఆల్బం పోయింది. అయినా ఫొటోలన్నీ నీ దగ్గరున్నాయి కదా! మేం హాల్లో అదే చెప్పుకుంటున్నాం. దేవుడు నిన్ను ముందే పంపాడమ్మా."

"ఉన్నాయండి," అన్నాను.

ఉన్నాయి. నీలం డిస్కులో.

ఏప్రిల్ 4

నీలం డిస్కు బీరువా పై అరలో ఉంది. కాపీ వేశాను. వేస్తుంటే దాని చిన్న దీపం ఆరుతూ వెలుగుతూ ఉండటం కూడా గుర్తుంది. తీసి చూడాల్సిన పని ఏముంది? అవసరం వచ్చినప్పుడు తీస్తాను.

వంటింటి అరలన్నీ కడిగాను.

ఏప్రిల్ 6

అగాయ్ స్టూడియోకి వచ్చాడు. ఎవరివో రబ్బరు బూట్లు, రెండు సైజులు పెద్దవి. వారంలో పదేళ్లు పైబడ్డాయి. పుస్తకాలు ప్రెస్సులో భద్రంగా ఉన్నాయని చెప్పాను. దానికి తల ఊపాడు. చాలాసేపు టోపీ చేతిలో తిప్పాడు.

"అమ్మాయ్, అది కాదు గానీ. మా అమ్మ ఫొటో ఒకటుండేది. నాన్న కుర్చీలో, అమ్మ వెనకాల నిలబడి. అది కావాలి. గోడకి పెట్టుకోవడానికి. గోడ లేదనుకో."

లోపల భగ్గుమంది. ఆడవాళ్లు అక్కర్లేదన్నది ఎవరు? ఆ వేళ్లు తీసేయమన్నది ఎవరు? దయ్యం పట్టినట్టుందని అన్నదెవరు? ఆ మాటలన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి.

"వెతికి తీస్తానండి అగాయ్. కొంచెం టైము పడుతుంది," అన్నాను.

"పట్టనీ. ఉంది కదా, చాలు."

ఏప్రిల్ 8

నీలం డిస్కు పెట్టి చూశాను. పెళ్లిళ్లు. రెండేళ్ల కిందటి పెళ్లిళ్లు మాత్రమే.

ఏప్రిల్ 9

ఇంకోసారి చూశాను. ఇంకోసారి.

ప్రెస్సుకి ఫోన్ చేశాను, వాళ్ల దగ్గరా కోసినవే. అగాయ్‌కి ఇచ్చిన కాపీలోనూ కోసినవే. కెమెరా కార్డుల మీద పెళ్లి పడింది, దాని మీద ఇంకో పెళ్లి, దాని మీద ఒక పుట్టినరోజు. బజారులో డిస్కులు బాగుచేసే కుర్రాడు పది నిమిషాలు చూసి, "పిన్నిగారూ, పోయినవాటిని తేగలను గానీ, వాటి మీదే ఇంకోటి రాసేస్తే తేలేను. ఎవరు చేశారీ పని?" అన్నాడు. ఎవరో తెలీదన్నాను.

తప్పంతా నాదేనా? మాగౌయా పెద్ద డిస్కు కొనమంటే కొన్నాడా? టోపీ అంటే తెలియని ప్రోగ్రాం తప్పు లేదా? ఆ ముసలాయన ఆడవాళ్లని కూడా వెయ్యమని ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. ఆల్బంలు గడప దాటనిచ్చి ఉంటే! నా దగ్గర ఉండి ఉంటే ఇవాళ అన్నీ పొడిగా ఉండేవి. ఎవరికి చెప్పుకోను? గడప దాటకూడదట. గడపే కొట్టుకుపోయింది.

ఎవరి తప్పైతే ఏం. ఆ పెట్టెలో టిక్కు తీసింది నా వేలు.

ఏప్రిల్ 10

పని చేశాను. పాస్‌పోర్టు ఫొటోలు, పదిహేడు.

ఏప్రిల్ 12

మాగౌయాకి చెప్పాను. గింజలు పక్కన పెట్టాడు. ఆ పిల్లాడిలో మంచి లేదని కాదు.

"డిస్కు కాలిపోయిందని చెప్పు అక్కా. వరదలో కరెంటు ఎక్కువతక్కువలొచ్చాయి, కాలిపోయింది. ఎవరు అడుగుతారు? యంత్రాల మీద ఎవరికీ కోపం రాదు."

"కోసినవి మాత్రం కాలకుండా ఎలా మిగిలాయని అడిగితే?"

"అడగరు. నిన్నేదో దేవదూత అనుకుంటున్నారు అక్కడ. అందుకే చెబుతున్నా, ఇప్పుడే చెప్పెయ్. ఎంత ఆలస్యం చేస్తే అంత కష్టం."

ఆలోచిస్తే సబబుగానే ఉంది. డిస్కు కాలిపోయింది. వోల్టేజి. రేపు వెళ్లి చెబుతాను.

ఏప్రిల్ 13

వాన. వెళ్లలేదు.

ఏప్రిల్ 14

డిస్కు కాలిపోయింది అని గట్టిగా అని చూశాను, అద్దం ముందు. బాగానే వస్తోంది.

ఏప్రిల్ 15

రబిగా అపా మనవడి భార్య స్టూడియోకి వచ్చింది. ముసలావిడ నన్నొకసారి రమ్మందట. ఆవిడకి ఒకే ఒక ఫొటో కావాలట, భర్తా కూతురూ కలిసి ఉన్నది. కూతురు ఖనిపా తొమ్మిదేళ్లకే పోయింది. ఆ పిల్లకి ఉన్న ఫొటో అదొక్కటే.

ఫైలు వెతికాను. భర్త ఉన్నాడు. నక్కతోలు టోపీ, కోటు, నిఖార్సుగా కోసిన చదరం. పక్కన పిల్ల ఉండవలసిన చోట చదరం అంచు. ఆయన మోచేతి దగ్గర కోటు గుడ్డ కొంచెం కొత్తగా ఉంది, అక్కడ నేను నింపాను.

ఆయన్నే పెద్దగా ప్రింటు తీశాను. ఉత్త చేతులతో వెళ్లడం కంటే నయం.

ఏప్రిల్ 16

అంతా ఉన్నదున్నట్టు రాస్తాను.

పొద్దున పదింటికి వెళ్లాను. హాలంతా మంచాలు, మంచానికీ మంచానికీ మధ్య దుప్పట్లు వేలాడేసిన తాళ్లు, తడి బూట్ల వాసన. తలుపు దగ్గర్నుంచి రబిగా అపా మంచం దాకా వెళ్లేలోపు ఐదుగురు పలకరించారు. "మావి మర్చిపోకమ్మా." "తొందరేం లేదు తల్లీ, నీ వీలు చూసుకో." ఒకావిడ నా జేబులో ఎండు పెరుగు ఉండలు కుక్కింది. వద్దన్నా వినలేదు.

"వచ్చావా? ఇలా కూర్చో," అంది అపా. "టీ ఇస్తారు, కానీ ఇక్కడి టీ వట్టి నీళ్లు, ఏమీ అనుకోకు."

ప్రింటు చేతిలో పెట్టాను. కళ్లకి దగ్గరగా పట్టుకుని, దూరంగా పట్టుకుని చూసింది.

"ఈయనా! ఎంత బాగా తోమావమ్మా. బతికుండగా కూడా ఇంత శుభ్రంగా లేడు." పక్క మంచాల వాళ్లు నవ్వారు. "అయినా ఈయన మొహం నాకెందుకు తల్లీ? నలభై ఏడేళ్లు చూశాను, చాలదూ? కళ్లు మూస్తే పిలవకుండానే వస్తాడు. పక్కన పిల్ల ఏదీ?"

"ఇది పుస్తకం కోసం కోసింది అపా."

"అదే. కొయ్యనిది కావాలి."

డిస్కు కాలిపోయింది. రెండు మాటలు. నోరు తెరిచాను.

"అది ఇంకా తీయాలి," అన్నాను.

"ఉందిగా?"

"ఉంది."

"ఉంటే చాలు, తర్వాతే ఇద్దువులే." నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "ఒక్క మాట చెప్పు. నా కళ్లలో పొరలు. ఆరేళ్లుగా ఆ ఫొటో నాకు మసకే. నువ్వు నా బల్ల మీద పెట్టి, అంత పెద్ద దీపం వేసి తీశావు. ఎలా ఉంది నా ఖనిపా? నవ్వుతోందా?"

ఏం చెప్పను? ఆ ఫొటో నా కళ్ల ముందు రెండుసార్లు ఉంది. ఒకసారి ఆవిడ ఇంట్లో, ఆవిడ చెబుతుంటే. ఇంకోసారి నా తెర మీద, రెండు సెకన్లు, ఆ రెండు సెకన్లూ తండ్రి ముఖం మీదే. పిల్ల గురించి నాకు ఒక్క ముక్క గుర్తులేదు. ఆ కాలం బడిపిల్లల ఫొటోలు వేలు చూశాను, అందరూ ఒకేలా ఉంటారు. ఆ ధైర్యంతో అన్నాను.

"నవ్వుతోంది అపా. నోరారా నవ్వుతోంది. రెండు జడలు, తెల్ల రిబ్బన్లు."

"రిబ్బన్లా?"

"ఇంతింత పెద్దవి. చక్కగా కట్టారు."

అపా నా చెయ్యి వదల్లేదు.

"ఆ వేసవి దానికి జ్వరం తగిలి తల గొరిగించాం. బోడిగుండు కనబడుతుందని ఒకటే ఏడుపు. వాళ్ల నాన్న తన గుడ్డటోపీ దాని తలకి పెట్టి, తను చలికాలం టోపీ పెట్టుకున్నాడు, అంత ఎండలో, దాన్ని నవ్వించడానికి. నవ్విందో లేదో అదే నేను అడుగుతున్నాను. నాకు గుర్తులేదు." గొంతు పెంచలేదు. "నువ్వు చూళ్లేదమ్మా."

"చూడలేదు అపా."

"ఫొటో కూడా లేదు."

"లేదు. ఎవరివీ లేవు. కోసిన మగవాళ్ల ముఖాలే మిగిలాయి. డిస్కులో చోటు లేదని వాటి మీదే రాసేశాను. నేనే."

అన్నాక నాకు ఏడుపు ఆగలేదు. సిగ్గు లేకుండా ఏడ్చాను, అంతమంది మధ్య. అపా ఏడవలేదు. తిట్టలేదు కూడా. తిట్టి ఉంటే బాగుండేది. మొహం గోడవైపు తిప్పుకుని కూర్చుంది. ఎవరో టీ తెచ్చి పెట్టారు, అది చల్లారింది.

చాలాసేపటికి అడిగింది, "మిగతావాళ్లకి చెప్పావా?"

"లేదు."

"ఎందుకని?"

"భయం వేసింది."

"నీ భయం సరే. నా సంగతి విను. వరద వచ్చి పద్దెనిమిది రోజులు. ఇన్నాళ్లూ నేను దాని మొహం తలుచుకోలేదు. ఫొటో ఉంది కదా, వస్తుంది కదా అని హాయిగా పడుకున్నాను. ఈ వయసులో పద్దెనిమిది రోజులంటే ఎంతో తెలుసా? ఇప్పుడు వెతుకుతుంటే టోపీ కనబడుతోంది, టోపీ కింద ఏమీ కనబడటం లేదు." నా చెయ్యి వదిలేసింది. "వీళ్లందరూ అలాగే పడుకుంటున్నారు. ఉందనుకున్నదాన్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? లే. ఇవాళే చెప్పు. గుర్తున్నవాళ్లయినా పట్టుకుంటారు."

"క్షమించు అపా."

"అది తర్వాత చూద్దాం. ముందు వెళ్లు."

లేచాను. రెండు మంచాల అవతల సాన్సిజ్‌బాయ్ అగాయ్, మోకాళ్ల మీద పేపరు పెట్టుకుని ఉల్లిపాయ కోస్తున్నాడు. నన్ను చూసి జరిగి చోటిచ్చాడు. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. డిస్కు కాలిందని చెప్పలేదు, టిక్కు సంగతి చెప్పాను, వేళ్లు చెరిపిన సంగతి చెప్పాను, ఆయన తీసేయమన్న సంగతి మాత్రం ఎత్తలేదు. ఆయనకి గుర్తుందని మొహంలోనే తెలిసింది.

కత్తి పక్కన పెట్టాడు. అరుస్తాడనుకున్నాను.

"మీ అమ్మగారు..." అని ఏదో అనబోయాను.

"ఆగు. మాట్లాడకు," అన్నాడు, కళ్లు గట్టిగా మూసుకుని. పదకొండు తరాల మగవాళ్ల పేర్లు గుక్కతిప్పుకోకుండా చెప్పే మనిషి. పెదాలు కదుపుతున్నాడు. ఒక చెయ్యి పైకెత్తి తన బుగ్గ మీద ఎక్కడో వేలు పెట్టుకున్నాడు.

"ఇక్కడ పుట్టుమచ్చ ఉండేది," అన్నాడు. తర్వాత ఆ వేలు తీసి, రెండో బుగ్గ మీద పెట్టాడు. "కాదు. ఇక్కడ."

మళ్లీ తీశాడు.